గంటలు మిగిల్చే కొలువు



హైదరాబాద్‌లో ఎల్బీనగర్‌తో మెట్రో లైను అయిపోతుంది. అక్కడ దిగి విజయవాడ హైవే పట్టుకుంటే వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట వస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు దాటితే అబ్దుల్లాపూర్‌మెట్. 2016లో కొత్త జిల్లాలు, కొత్త మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమైన ఊరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇక్కడిదాకా దారి పొడవునా రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. మేడల మీద కోచింగ్ సెంటర్లవి, హాస్టళ్లవి, స్టడీ హాళ్లవి. కింద షట్టర్ల మీద తెల్లకాగితానికి రాసి అంటించినవి. బిల్లింగ్‌కు మనిషి కావలెను, ఇంటర్ పాసై ఉండవలెను. టెలీకాలర్లు కావలెను. మెడికల్ షాపులో హెల్పర్ కావలెను.

మేడ మీద చదువుకునే పిల్లలు మెట్లు దిగి వచ్చి, కింద అంటించిన కాగితాన్ని ఒకసారి చదివి, అటూ ఇటూ చూసి వెళ్లిపోతుంటారు. ఎంటెక్ చేసినవాడికి ఇంటర్ పాస్ ఉద్యోగంతో పనేమిటన్నది ఒక ఆలోచన. వచ్చే నెల హాస్టల్‌కు ఎక్కడి నుంచి కట్టాలన్నది ఇంకో ఆలోచన. రెండూ ఒకే బుర్రలో తిరుగుతుంటాయి. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై ఈ వైపే స్థిరపడ్డవాణ్ణి. గేట్‌కో, నెట్‌కో, పీహెచ్‌డీ ప్రవేశానికో, విదేశంలో ఎమ్మెస్‌కో తయారవుతూ మధ్యలో ఏదో ఒక పని చూసుకోవాలా వద్దా అని నలిగిపోతున్న పిల్లలతో ఇవాళ మాట్లాడాలని వచ్చాను. వాళ్ల అమ్మానాన్నలు కూడా వింటే మరీ మంచిది.

నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. నల్లగొండ వైపు పల్లె. నెట్ రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధక వేతనం తెచ్చుకుని పరిశోధనలో చేరాలని కోరిక. కొత్తపేటలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో బిల్లింగ్‌కు మనిషి కావాలంటే బయోడేటా పట్టుకుని వెళ్లింది. ఆ బయోడేటా నాకు చూపించింది. ఒకటే పేజీ. టెన్త్, ఇంటర్, బీఎస్సీ వరకే ఉన్నాయి. ఎమ్మెస్సీ వరుస తీసేసింది. తీసేసిన చోట ఖాళీ కనిపించకుండా కింద టైపింగ్, టాలీ, తెలిసిన భాషలు అని పెద్ద అక్షరాల్లో సర్దింది. ఎవరో స్నేహితురాలు చెప్పిందట, పెద్ద చదువు చూపిస్తే ఉద్యోగం ఇవ్వరని.

ఏజెన్సీ యజమాని కళ్లద్దాలు సవరించుకుని సంవత్సరాలు లెక్కపెట్టాడు.

"బీఎస్సీ అయి మూడేండ్లయింది గదమ్మా. మధ్యల ఏం జేసినవ్?"

"ఇంటి దగ్గరనే ఉన్న సార్."

"మూడేండ్లు ఇంటి దగ్గరనే ఉన్నవా? పెండ్లయిందా?"

"లేదు సార్."

ఆయన అనుమానం ఆయనది. మందుల స్టాకు, డబ్బు వ్యవహారం. ఖాళీగా ఉన్న మూడేళ్లలో ఎక్కడైనా పనిచేసి గొడవపడి వచ్చిందేమో అనుకున్నాడు. చివరికి అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగి అసలు సంగతి చెప్పేసింది. ఎమ్మెస్సీ చేసిన సార్, నెట్‌కు చదువుతున్న, డిసెంబర్ పరీక్ష దాకా పని కావాలె అని. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత, "గిది ముందుగాల్నే జెప్తే అయిపోతుండె గదా. కెమిస్ట్రీ జదివినవంటే మందుల పేర్లు తప్పులేకుండ గొడ్తవ్. డిసెంబర్ దాకనే ఉంటనంటే డిసెంబర్ దాకనే ఉండు" అన్నాడట. దాచిన చదువే ఆ పిల్లకు ఆ పని తెచ్చిపెట్టింది. అందరికీ ఇలాగే జరుగుతుందని అనను. పోతావు కదా, నీకు నేర్పి ఏం లాభం అని గుమ్మంలోంచే పంపించేసే యజమానులు చాలామంది ఉన్నారు. కానీ వాళ్ల భయం మన చదువు గురించి కాదు, మనం ఎప్పుడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతామో తెలియకపోవడం గురించి. ఆ భయానికి జవాబు మన దగ్గర ఉంది. ఫలానా నెల వరకు ఉంటాను, ఈ వారం పరీక్ష, ఆ వారం సెలవు కావాలి, మిగతా రోజులు మానను అని ముందే చెప్పడం.

ఇంతమంది చదువుకున్నవాళ్లు తమ చదువుకన్నా చిన్న పని చూసుకోవాల్సిన అవసరం ఎందుకు వస్తోందంటే, పని దొరక్క కాదు, కాలం మన చేతిలో లేక. మన కళ్ల ముందరి సంగతే చూడండి. తెలంగాణ గ్రూప్-2కు 783 పోస్టులతో నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. రెండేళ్లు. ఆ రెండేళ్లూ అశోక్‌నగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో గదుల అద్దె ఏ నెలా వాయిదా పడలేదు. పల్లె నుంచి డబ్బు పంపే తండ్రి, పరీక్ష ఈ నెలలో, వచ్చే నెలలో అని వింటూ పత్తి అమ్మిన డబ్బు పంపుతూనే ఉన్నాడు.

2018 సంగతి ఇంకా చెప్పాలి. గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) పోస్టులు 700 ఉంటే దరఖాస్తులు 10 లక్షలు దాటాయి. కావాల్సిన అర్హత ఇంటర్మీడియట్. దరఖాస్తు చేసినవాళ్లలో ఇంజినీర్లు, పీజీలు, పీహెచ్‌డీ చేసినవాళ్లు కూడా ఉన్నారు. సెప్టెంబర్ 16న పరీక్ష. సరిగ్గా రెండేళ్లకు, 2020 సెప్టెంబరులో, ప్రభుత్వం ఆ వీఆర్వో వ్యవస్థనే రద్దు చేసింది. నేనేమీ ప్రభుత్వ ఉద్యోగానికి చదవొద్దనడం లేదు. ఒక్క పరీక్ష మీదే బతుకంతా పెట్టి, అది తేలేదాకా ఏ పనీ చేయనని గదిలో కూర్చోవడం ఎంత ప్రమాదమో చెప్తున్నాను. పై చదువుల దారి దీనికంటే కొంత నయం. గేట్ ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది, ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000. అక్కడిదాకా చేరడానికి పట్టే ఏడాదో రెండేళ్లో ఎలా గడపాలన్నదే చిక్కు.

ఆ గడపడం ఎలాగో చేసి చూపించినవాడు ఒకడు మన నగరంలోనే కనిపించాడు. 2024 మొదట్లో పత్రికలన్నీ రాశాయి. గొల్లె ప్రవీణ్ కుమార్, మంచిర్యాల జిల్లా. తండ్రి తాపీ పని, తల్లి బీడీలు చుట్టే పని. ఎంకాం, బీఎడ్, ఎంఎడ్ చదివాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈఎంఆర్‌సీ అనే కేంద్రం ఉంది, విద్యా కార్యక్రమాల వీడియోలు తీసే చోటు. అందులో నైట్ వాచ్‌మన్‌గా చేరాడు. జీతం నెలకు 9,000. గురుకుల విద్యాలయాల నియామకాల్లో ఒకటి కాదు, మూడు ఉద్యోగాలు కొట్టాడు. ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్, పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్, జూనియర్ లెక్చరర్.

కాపలావాడు లెక్చరరయ్యాడని అందరూ ఆశ్చర్యపోయారు. నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఆ అబ్బాయి అన్ని కొలువుల్లో దాన్నే ఎందుకు ఎంచుకున్నాడన్నది. ఎంఎడ్ చేసినవాడు ఏ ప్రైవేటు స్కూల్లో చేరినా ఇంతకన్నా ఎక్కువే వచ్చేది. కానీ స్కూల్లో పొద్దంతా గొంతు పోయేలా అరిచి, ఇంటికి వచ్చి నోట్సులు దిద్ది, పరీక్ష పేపర్లు తయారుచేసి, అడ్మిషన్ల కాలంలో ఇల్లిల్లూ తిరిగాక పుస్తకం పట్టుకునే ఓపిక ఉంటుందా? కాపలా ఉద్యోగంలో రాత్రి దీపం ఉంది, కూర్చోవడానికి చోటు ఉంది, పలకరించేవాళ్లు లేరు, చుట్టూ విశ్వవిద్యాలయం ఉంది. జీతం తక్కువ తీసుకుని గంటలు ఎక్కువ తీసుకున్నాడు. పై చదువుకు తయారయ్యేవాళ్లు ఉద్యోగాన్ని తూచాల్సింది ఈ తక్కెడలోనే. ఎంత ఇస్తున్నారన్నది సరే, ఆ పని అయ్యాక నాకు ఎన్ని గంటలు మిగులుతాయి, ఆ గంటల్లో నా బుర్ర పనిచేసే స్థితిలో ఉంటుందా అన్నది చూడాలి.

ఆ లెక్కన మన తూర్పు వైపు ఉద్యోగాలను ఒకసారి చూద్దాం.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలివచ్చాక అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల ఒక కొత్త పని పుట్టింది. కమీషన్ ఏజెంట్ల దగ్గర లెక్కలు రాసే గుమాస్తా. లారీలు రాత్రి దిగుతాయి, పొద్దున వేలం పాటలు. ఏ రైతు ఎన్ని పెట్టెలు తెచ్చాడు, ఏ ధరకు పోయింది, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, రైతు చేతికి ఎంత అని తప్పులేకుండా రాసేవాడు కావాలి. మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది. పొద్దున త్వరగా లేవగలిగినవాడికి సాయంత్రం మొత్తం తనదే. మామిడి సీజన్లో మాత్రం నిద్ర ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో పరీక్ష ఉన్నవాళ్లు ఈ జోలికి పోకపోవడం మంచిది. ఫిబ్రవరిలో గేట్ రాసేవాళ్లకు ఫరవాలేదు.

అదే బాటసింగారంలో లాజిస్టిక్ పార్కు, హైవే పొడవునా గోదాములు. పికింగ్, ప్యాకింగ్ పనులు. మంచి జీతమే అంటారు. కానీ షిఫ్టంతా నిలబడి, నడిచి, మోసి వచ్చాక ఒళ్లు పుస్తకం దగ్గర కూర్చోనివ్వదు. వారానికో షిఫ్ట్ మారితే నిద్ర వేళలు తారుమారవుతాయి. ఒకవేళ చేరినా ఒకే షిఫ్ట్ ఇస్తారా అని అడిగి చేరండి. బైకు మీద డెలివరీ పనికి ఒక సుగుణం ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయొచ్చు. అయితే ఆ స్వేచ్ఛే మోసం చేస్తుంది. ఇంకో రెండు ఆర్డర్లు చేస్తే ఇన్సెంటివ్ వస్తుందని రాత్రి పదకొండు దాకా తిరుగుతారు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆ ట్రాఫిక్‌లో ఆ తొందరతో బండి నడిపే పిల్లల్ని చూస్తే నాకు గుండె దడ. చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ చెప్పినట్టు చెప్తున్నాను, చదువు కోసం చేసే పని ప్రాణం మీదకు తెచ్చుకునే పని కాకూడదు.

దుకాణాల్లో చేరేవాళ్లకు ఒక చట్టం సంగతి. దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం షాపులో పనిచేసేవారికి వారానికి 48 గంటలే పని, ఒక రోజు సెలవు. చాలా షాపుల్లో పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబెడతారు. పన్నెండు గంటల ఉద్యోగం చేస్తూ నెట్‌కు చదువుతానంటే అది జరిగే పని కాదు. చేరే ముందే సగం పూట పని ఇస్తారా అని అడగండి, సగం జీతమే ఇచ్చినా సరే.

నా విద్యార్థుల్లో బాగా కుదిరినవి ఏవంటే, స్టడీ హాళ్లలో కౌంటర్ దగ్గర కూర్చునే పని, హాస్టల్ వార్డెన్ పని, డయాగ్నస్టిక్ సెంటర్లలో పొద్దున పూట రిసెప్షన్, సాయంత్రం ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఇంటర్ పిల్లలకు ట్యూషన్. ట్యూషన్‌కు ఇంకో లాభం కూడా ఉంది. ఇంటర్ కెమిస్ట్రీ ఆర్గానిక్ చెప్తుంటే నెట్‌లో వచ్చే రియాక్షన్ల మూలాలు మనకే గట్టిపడతాయి. ఎంటెక్ చేసిన పిల్లలు ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా చేరుతుంటారు. పేరు గౌరవంగానే ఉంటుంది. అడ్మిషన్ల టార్గెట్లు, ల్యాబ్ రికార్డులు, తనిఖీ కమిటీలు వచ్చినప్పుడు పరుగులు, ఇవన్నీ చూసుకుని చేరండి. హోదాకు చేరి గంటలు పోగొట్టుకున్నవాళ్లను ఎంతమందినో చూశాను.

ఇక చదువు దాచడం. ప్రైవేటు షాపులో దాస్తే మహా అయితే మాట పోతుంది. ప్రభుత్వ రంగంలో దాస్తే ఉద్యోగమే పోతుంది. ఒడిశాలో పంజాబ్ నేషనల్ బ్యాంకు ప్యూన్ పోస్టులకు పిలిచింది. ప్లస్ టూ పాసై ఉండాలి, 2016 జనవరి 1 నాటికి డిగ్రీ చేసి ఉండకూడదు అని షరతు. ఒక యువకుడు 2014లోనే డిగ్రీ పాసయ్యాడు. దరఖాస్తులో ప్లస్ టూ మాత్రమే రాశాడు. ఎంపికయ్యాక సంగతి బయటపడి బ్యాంకు కొలువు ఇవ్వనంది. హైకోర్టు అతని వైపు నిలిచింది. సుప్రీంకోర్టు మాత్రం 2020 నవంబరులో బ్యాంకు వైపే తీర్పు చెప్పింది. ఏ పోస్టుకు ఏ అర్హత ఉండాలో నిర్ణయించుకునే అధికారం ఉద్యోగం ఇచ్చేవారిదని, నిజం దాచినవాడు ఆ కొలువు తన హక్కని అడగలేడని తేల్చింది. ఆ యువకుడి మీద నాకు కోపం లేదు. డిగ్రీ చదివినవాడు ప్యూన్ ఉద్యోగం కోసం తన డిగ్రీని దాచుకోవాల్సి రావడం చదువు చెప్పిన మాలాంటివాళ్లందరికీ బాధ కలిగించే సంగతి. కానీ నోటిఫికేషన్‌లో అర్హత ఎక్కువైతే అనర్హులని స్పష్టంగా రాసి ఉంటే, ఆ దరఖాస్తు జోలికి పోకండి. ఎక్కువ చదివినా ఫరవాలేదన్న చోట ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇది మన దేశంలోనే అనుకోకండి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే చిన్న పట్టణం ఉంది. 1996లో పోలీసు ఉద్యోగానికి ఒకాయన తెలివితేటల పరీక్ష రాశాడు. 33 మార్కులు వచ్చాయి. అక్కడి పోలీసు శాఖ 20 నుంచి 27 మధ్య వచ్చినవాళ్లనే ఇంటర్వ్యూకు పిలిచేది. మరీ తెలివైనవాళ్లకు ఈ పని విసుగు పుడుతుంది, ఖర్చు పెట్టి శిక్షణ ఇచ్చాక వెళ్లిపోతారు అన్నది వాళ్ల వాదన. ఆయన కోర్టుకు వెళ్తే 2000లో అప్పీలు కోర్టు కూడా పోలీసు శాఖనే సమర్థించింది. వెళ్లిపోతావేమో అన్న భయం కొత్తపేట మందుల ఏజెన్సీలోనూ అదే, న్యూ లండన్ పోలీసు స్టేషన్లోనూ అదే.

ఒరిజినల్ సర్టిఫికెట్ల మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఉద్యోగంలో చేరేటప్పుడు, మానేసి పోకుండా ఉండడానికి ఒరిజినల్స్ మా దగ్గర పెట్టండి అనే యాజమాన్యాలు ఉన్నాయి. ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ మీద సంతకం పెట్టి ఇవ్వండి, ఒరిజినల్ చేతిలోంచి జారనివ్వకండి. నాకు తెలిసిన ఒక ఎంటెక్ కుర్రాడు ఒక కాలేజీలో చేరుతూ టెన్త్ మెమో నుంచి డిగ్రీ మార్కుల మెమో దాకా అన్నీ అప్పగించాడు. పీహెచ్‌డీ కౌన్సెలింగ్‌కు పిలుపు వచ్చింది. సెమిస్టర్ మధ్యలో ఇవ్వం, మూడు నెలల జీతం కట్టి తీసుకుపో అన్నారు. తండ్రి అప్పు చేసి కట్టాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు ఆపేసిన సర్టిఫికెట్లు ఇంకో పెద్ద కథ. డిగ్రీ పూర్తయిన మరుక్షణం చేయాల్సిన మొదటి పని ఒరిజినల్స్ తెచ్చుకుని ఇంట్లో భద్రం చేసుకోవడం, అన్నీ స్కాన్ చేసి ఫోన్లోనూ మెయిల్లోనూ పెట్టుకోవడం.

ఇప్పుడు అమ్మానాన్నలతో ఒక మాట. పిల్లలు చిన్న పనిలో చేరడానికి వెనకాడేది చాలాసార్లు మీ వల్లనే. మా వాడు హైదరాబాద్‌లో ప్రిపేర్ అవుతున్నాడు అంటే ఊళ్లో గౌరవం. మా వాడు డీమార్ట్‌లో బిల్లు కొడుతున్నాడు అంటే నామోషీ. అదే కొడుకు డల్లాస్‌కు వెళ్లి యూనివర్సిటీ క్యాంటీన్లో పళ్లేలు కడిగితే పార్ట్‌టైమ్ జాబ్ చేస్తున్నాడని సంతోషంగా చెప్పుకుంటారు. అక్కడ స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటల పనికే అనుమతి. ఎంటెక్‌లు, బీటెక్‌లు అక్కడ లైబ్రరీ కౌంటర్ దగ్గర, వంటశాలలో ఆ 20 గంటలు పనిచేసి చదువుకుంటున్నారు. ఎవరూ తలదించుకోవడం లేదు. ఆ పనికి డల్లాస్‌లో ఉన్న మర్యాద దిల్‌సుఖ్‌నగర్‌లో ఎందుకు లేదు? ఇవ్వాల్సింది మనం. కరోనా కాలంలో బళ్లు మూతపడి పీజీలు, బీఎడ్‌లు చేసిన మన ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్మారు, కూలికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ రోజుల్లో వాళ్లను చిన్నచూపు చూసినవాళ్లు లేరు. కష్టకాలంలో ఉన్న ఆ పెద్ద మనసు మామూలు రోజుల్లో కూడా ఉండాలని అడుగుతున్నాను.

ఇంటివాళ్ల అండ ఉంటే ఏమవుతుందో చూడండి. అనంతపురం జిల్లా శింగనమల ప్రాంతంలో సాకే భారతి అనే ఆమె కూలి పనికి వెళ్తూ చదివింది. పెళ్లయింది, బిడ్డ ఉంది. కొన్ని రోజులు పొలానికి, కొన్ని రోజులు కాలేజీకి. 2023లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ అందుకుంది. ఆమె కథ వచ్చినప్పుడు అందరూ ఆమె పేదరికం గురించి రాశారు. భర్త చదువుకో అని వెన్ను తట్టడం గురించి కొందరే రాశారు. ఇంట్లో ఒక్క మనిషి ఆ మాట అంటే చాలా బరువు దిగిపోతుంది.

చిన్న పని చేసిన సంగతి తర్వాత రెజ్యూమెలో రాయాలా అని పిల్లలు అడుగుతుంటారు. రాయండి. పీఎఫ్ కట్టే చోట పనిచేస్తే మీ యూఏఎన్ నంబరులో ఆ ఉద్యోగం ఎలాగూ నమోదవుతుంది. రేపు పెద్ద కంపెనీ వాళ్లు విచారించినప్పుడు బయటపడుతుంది. దాచితే అనుమానం, రాస్తే గౌరవం. శ్రీనివాస రామానుజన్ 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరాడు. మరుసటి ఏడు జనవరిలో కేంబ్రిడ్జిలో గణిత శాస్త్రవేత్త హార్డీకి రాసిన ఉత్తరం మొదట్లోనే తాను పోర్ట్ ట్రస్టు అకౌంట్స్ విభాగంలో గుమాస్తానని చెప్పుకున్నాడు. కాగితం మీద ఆయనకు పెద్ద డిగ్రీ లేదు, అప్పటి ఇంటర్ లాంటి ఎఫ్.ఏ. కూడా గట్టెక్కలేదు. అయితే ఆఫీసులో పైఅధికారి నారాయణ అయ్యర్‌కు, ఆయన పైన ఉన్న ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌కు ఈ గుమాస్తా గణితం చేస్తాడని తెలుసు. వాళ్లు అండగా నిలబడ్డారు. 1913లోనే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. ఆయన తన గణితాన్ని బల్ల కింద దాచుకుని లెక్కలు రాసి ఇంటికి వెళ్లిపోయి ఉంటే నారాయణ అయ్యర్‌కు ఏం తెలిసేది? మీరు పనిచేసే చోట కూడా మీరు దేనికి చదువుతున్నారో ఒక్కరికైనా తెలియనివ్వండి. పరీక్ష రోజున డ్యూటీ మార్చేది, కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు పుస్తకం తెరిస్తే ఏమీ అననిది ఆ ఒక్కరే.

పని వదలకుండానే పై చదువు సాగించే దారి కూడా ఉందని చాలామందికి తెలియదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు. పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. అలాగే చిన్న ప్రభుత్వ ఉద్యోగంలో చేరి పెద్ద పరీక్ష రాసేవాళ్లు శాఖకు ముందుగా తెలియజేసి అనుమతి తెచ్చుకోవాలి. చివరి నిమిషంలో వెరిఫికేషన్ దగ్గర ఆ కాగితం లేక వెనక్కి వచ్చినవాళ్లున్నారు.

చివరగా, వెళ్లిపోవడం. సీటు వస్తుంది, వీసా వస్తుంది, ఫెలోషిప్ వస్తుంది. ఆ సంతోషంలో మర్నాడు పనికి రాకుండా, ఫోన్ ఎత్తకుండా మాయమైపోయే పిల్లలున్నారు. అలా చేయకండి. నెల ముందు చెప్పండి. మీ పని ఇంకొకరికి నేర్పి వెళ్లండి. కొత్తపేట ఏజెన్సీలో చేరిన ఆ కెమిస్ట్రీ అమ్మాయి డిసెంబరులో వెళ్తూ మందుల పేర్లు, వాటి కంపెనీలు, గడువు తేదీలు ఎలా చూడాలో ఒక పాత డైరీలో రాసి పెట్టింది. ఆ తర్వాత అదే యజమాని తన దగ్గరకు వచ్చిన ఇంకో ఎమ్మెస్సీ అబ్బాయిని, ఎన్ని నెలలుంటవ్, పరీక్షెప్పుడు అని మాత్రమే అడిగి పనిలో పెట్టుకున్నాడు.